జర్మనీలో నిరుద్యోగం తక్కువే, కానీ ఎవరికి?

విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలైనా, గుంటూరు బ్రాడీపేట లైన్లలో అయినా విదేశీ చదువుల ఆఫీసులో కూర్చుంటే ఒక మాట తరచూ వినిపిస్తుంది. "జర్మనీలో యువతకి నిరుద్యోగం ఆరేడు శాతమేనండీ, స్పెయిన్‌లో అయితే పాతిక పైన." 2024 లెక్కల ప్రకారం రెండూ నిజమే. కానీ ఈ రెండు అంకెలు చూసి పొలం తాకట్టు పెట్టి పిల్లవాణ్ణి పంపకూడదు. ఆ శాతంలో ఎవరు ఉన్నారో, ఎవరు లేరో ముందు తెలుసుకోవాలి.

యూరప్ దేశాల గణాంకాలన్నీ ఒకచోట చేర్చే సంస్థ యూరోస్టాట్. వాళ్ల లెక్కలో యువత అంటే 15 నుంచి 24 ఏళ్లవాళ్లు. సర్వే వారంలో ఒక్క గంట డబ్బుకి పని చేసినా ఉద్యోగి కిందే లెక్క. నిరుద్యోగి అనిపించుకోవాలంటే మూడూ ఉండాలి: పని ఉండకూడదు, గత నాలుగు వారాల్లో పని కోసం వెతికి ఉండాలి, దొరికితే రెండు వారాల్లో చేరగలగాలి. వెతకని వాళ్లు ఈ లెక్కలోకే రారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

బ్రాడీపేటలో ఒక లైన్లో ఈ వయసు వాళ్లు వంద మంది ఉన్నారనుకుందాం. 30 మంది పని చేస్తున్నారు, 10 మంది వెతుకుతున్నారు, మిగతా 60 మంది పనీ చేయడం లేదు, వెతకడమూ లేదు. నిరుద్యోగ రేటు ఎంత? పదిని వందతో భాగించరు. పని చేస్తున్న 30, వెతుకుతున్న 10 కలిపి 40 మంది. ఆ నలభైలో పది, అంటే 25 శాతం. అదే పదిని మొత్తం వందతో పోలిస్తే 10 శాతమే. దీనికి నిరుద్యోగ నిష్పత్తి అని వేరే పేరుంది, యూరోస్టాట్ దాన్నీ ఇస్తుంది. "పాతిక శాతం" అని పేపర్లో చూసి నలుగురు కుర్రాళ్లలో ఒకడు ఖాళీగా ఉన్నాడనుకుంటే లెక్క తప్పినట్టే.

మూడో కొలత నీట్, మన మెడికల్ పరీక్ష కాదు. చదువూ లేదు, పనీ లేదు, ట్రైనింగూ లేదు అనేవాళ్లు. మన వందలో వెతుకుతున్న పదిమందిలో నలుగురు కాలేజీలో చదువుతూనే పార్ట్‌టైమ్ కోసం చూస్తున్నారు, వాళ్లు నీట్ కాదు. పని వెతకని అరవైలో 52 మంది చదువుకుంటున్నారు, 8 మంది ఊరికే ఇంట్లో ఉన్నారు. అంటే 6, 8 కలిపి 14 శాతం. అదే వంద మంది, మూడు కొలతలు: 25, 10, 14. యూరోస్టాట్ నీట్‌ని మాత్రం ఎక్కువగా 15-29 వయసుకి ఇస్తుంది, పోల్చేటప్పుడు అది గుర్తుండాలి.

దీనికి స్వీడన్, ఇటలీ కంటే మంచి ఉదాహరణ లేదు. 2023లో రెండుచోట్లా యువత నిరుద్యోగ రేటు 22 శాతం దరిదాపుల్లోనే. నీట్ చూస్తే స్వీడన్‌లో 6 శాతం దగ్గర, ఇటలీలో 16. స్వీడన్‌లో చదువుకుంటూ సాయంత్రం పనికోసమో వేసవి పనికోసమో వెతికే పిల్లలు నిరుద్యోగుల్లో చేరి రేటుని పెంచేస్తారు. ఇటలీలో, ముఖ్యంగా దక్షిణాన సిసిలీ, కలాబ్రియా, కంపానియాల్లో, వెతికి వెతికి మానేసిన వాళ్లు లెక్కలోంచి తప్పుకుని రేటుని తగ్గిస్తారు. కంటికి ఒకేలా కనిపించే అంకెలు, లోపల పరిస్థితి పూర్తిగా వేరు.

ఈ పదేళ్లలో మొత్తంగా పరిస్థితి మెరుగైన మాట నిజం. 2013లో యూరోపియన్ యూనియన్ రేటు 24 శాతం దరిదాపులకు చేరింది. గ్రీస్‌లో 58, స్పెయిన్‌లో 55. 2023కి యూనియన్ మొత్తం మీద 14.5కి దిగింది. 2013లోనే యూత్ గ్యారంటీ తెచ్చారు: చదువు ఆపిన లేదా పని పోయిన నాలుగు నెలల్లో ఏదో ఒక ఉద్యోగమో, అప్రెంటిస్‌షిప్పో, చదువో చూపించాలని. 2020లో దాన్ని 30 ఏళ్ల లోపు వాళ్లకి పెంచారు. పాత, కొత్త సంవత్సరాలు పోల్చేవాళ్లు ఒకటి చూసుకోవాలి: 2021 జనవరి నుంచి సర్వే పద్ధతి మారింది.

స్పెయిన్‌లో 2022 నుంచి అమల్లోకొచ్చిన సంస్కరణతో తాత్కాలిక కాంట్రాక్టులు బాగా తగ్గాయి. బదులుగా ఒక రకం పర్మనెంట్ కాంట్రాక్టు పెరిగింది, పని మాత్రం సీజన్లోనే. మన మిర్చి యార్డుకి సీజన్ ఉన్నట్టే అక్కడ బీచ్ హోటళ్లకి ఎండాకాలం సీజన్. సీజన్ అయ్యాక ఇంట్లో ఉన్నవాళ్లు ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసు నమోదు లెక్కలో నిరుద్యోగులుగా కనిపించరు. ఇంటింటి సర్వేలో మాత్రం, పని వెతుకుతుంటే కనిపిస్తారు. స్పెయిన్ వార్త చదివేటప్పుడు ఆ అంకె నమోదుదా, సర్వేదా అన్నది చూడాలి.

ఇక జర్మనీ. అక్కడ యువత రేటు అంత తక్కువగా ఉండటానికి ముఖ్య కారణం ఆస్‌బిల్డుంగ్. కంపెనీలో పని, బడిలో పాఠం కలిసిన అప్రెంటిస్ శిక్షణ ఇది. గుర్తింపు ఉన్న వృత్తులు 320కి పైనే, శిక్షణలో ఉన్నవాళ్లు సుమారు 12 లక్షలు. వీళ్లకి నెలనెలా డబ్బొస్తుంది కాబట్టి లెక్కల్లో వీళ్లంతా ఉద్యోగులే. పిల్లలు పదిహేడు, పద్దెనిమిది ఏళ్లకే ఉద్యోగుల వరసలో చేరిపోతారు. అంటే ఆ ఆరేడు శాతం ఎక్కువగా జర్మన్ భాషలో పని నేర్చుకునే పిల్లల సంగతి చెబుతుంది. ఇంగ్లీషులో ఎంఎస్ చేయడానికి వెళ్లే మన పిల్లల సంగతి కాదు.

ఆటోనగర్‌లో చూడండి. మెకానిక్ షెడ్డులో కుర్రాడు మేస్త్రి దగ్గర మూడు నాలుగేళ్లు ఉండి ఇంజిను విప్పడం, గేర్‌బాక్స్ దించడం, వైరింగు చూడటం అన్నీ నేర్చుకుంటాడు. చేతిలో పని ఉంటుంది, కాగితం ఉండదు. షెడ్డు మారితే మళ్లీ మొదటినుంచి నిరూపించుకోవాలి. జర్మనీలో అదే వాహన మెకానిక్ శిక్షణ మూడున్నరేళ్లు. కాంట్రాక్టు ఆ వృత్తిని చూసుకునే ఛాంబర్ అనే సంస్థ దగ్గర నమోదవుతుంది. సాధారణంగా వారంలో మూడు నాలుగు రోజులు షెడ్డులో, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో. రెండో ఏడాది పూర్తయ్యేలోపు పరీక్ష మొదటి భాగం, చివర్లో రెండోది. ఏ పని చేశాడో శిక్షణ పుస్తకంలో రాసి యజమానితో సంతకం పెట్టించుకోవాలి. ఆ పుస్తకం సరిగ్గా లేకపోతే చివరి పరీక్షకే కూర్చోనివ్వరు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకునే సంగతి. 2025లో మొదలుపెట్టినవాళ్లకి చట్టప్రకారం కనీస భత్యం మొదటి ఏడాది నెలకి 682 యూరోలు, రెండో ఏడాది దాని మీద 18 శాతం, మూడో ఏడాది 35 శాతం ఎక్కువ. మ్యూనిక్ లాంటి చోట అద్దెకే ఇది చాలదు. నెల ఖర్చులకి ఉందని వీసాకి చూపాల్సిన మొత్తం కంటే భత్యం తక్కువైతే మిగతాది వేరేగా చూపించాలి.

ఈ దారిలోనూ దెబ్బ తినే చోట్లున్నాయి. దాదాపు 30 శాతం కాంట్రాక్టులు మధ్యలోనే రద్దవుతాయి. మొదట ఒకటి నుంచి నాలుగు నెలల దాకా ప్రొబేషన్, అందులో ఎవరైనా నోటీసు లేకుండా ఆపేయొచ్చు. 2024 సెప్టెంబరు ఆఖరుకి 69 వేలకు పైగా సీట్లు నిండలేదు, మరోవైపు సుమారు 70 వేల మంది సీటు కోసం ఇంకా చూస్తూనే ఉన్నారు. ఖాళీలున్న ఊరు వేరు, పిల్లలు కోరుకునే వృత్తి వేరు. మాంసం దుకాణాల్లో, బేకరీల్లో, ప్లంబింగులో సీట్లు మిగులుతాయి.

అన్నిటికంటే ఎక్కువ మంది ఆగిపోయేది భాష దగ్గర. ఆస్‌బిల్డుంగ్ వీసాకి మామూలుగా జర్మన్‌లో బీ1 స్థాయి అడుగుతారు, అంటే రోజువారీ మాటలు సొంతంగా నెట్టుకొచ్చే మధ్య స్థాయి. "మూడు నెలల్లో బీ1" అన్న బోర్డు నమ్మకండి. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం బీ1కి 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 కావాలి. మధ్యలో 500 అనుకుంటే 375 గంటలు. రోజుకి గంటన్నర చొప్పున వారానికి ఆరు రోజులు వెళ్తే 42 వారాలు పడుతుంది. ఇంట్లో చదివే సమయం ఇందులో కలపలేదు.

ఎంఎస్‌కే వెళ్లాలనుకుంటే యువత రేటు వదిలేసి వేరే అంకె చూడండి. చదువు పూర్తయి ఒకటి నుంచి మూడేళ్లయిన 20-34 వయసు వాళ్లలో ఎంతమంది పనిలో ఉన్నారో యూరోస్టాట్ ఏటా ఇస్తుంది. 2023లో యూనియన్ మొత్తానికి సుమారు 83 శాతం, జర్మనీ, నెదర్లాండ్స్ 90 పైన, ఇటలీ 70 లోపు. మన పిల్లలకి దగ్గరగా ఉండే కొలత ఇదే. దానికీ పరిమితి ఉంది. అందులో ఎక్కువమంది అక్కడే పుట్టి ఆ భాషలోనే పెరిగినవాళ్లు. పైగా 2025 ఆగస్టులో జర్మనీలో నమోదైన నిరుద్యోగులు 30 లక్షలు దాటారు, పదేళ్లలో అదే మొదటిసారి. ఫోక్స్‌వ్యాగన్ 2030 నాటికి 35 వేల ఉద్యోగాలు తగ్గించుకోవడానికి 2024 డిసెంబరులో ఒప్పందం చేసుకుంది. ఆటోమొబైల్ స్పెషలైజేషన్‌కి వెళ్లేవాళ్లు ఇది పక్కన పెట్టకూడదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు 18 నెలలు. ఆ గడువులో జర్మన్ మొదలుపెడితే ఆలస్యమైపోతుంది, మొదటి సెమిస్టర్లోనే మొదలుపెట్టాలి.

మన దేశం లెక్కతో పోల్చి ధైర్యం చెప్పుకోవడం కూడా కుదరదు. కేంద్రం చేసే ఉద్యోగాల సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో 2023-24కి యువత నిరుద్యోగం 10.2 శాతం. అది 15-29 వయసుకి, గడిచిన ఏడాది మొత్తాన్ని చూసి తీసినది. యూరప్‌ది 15-24కి, ఒక్క వారం చూసి తీసినది.

శిక్షణకో ఉద్యోగానికో పంపుతామని ఎవరైనా డబ్బు అడిగితే, ముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి చూడండి. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగే సర్వీస్ ఛార్జీ 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకన్నా ఎక్కువ అడిగితే దేనికెంతో రసీదు మీద విడివిడిగా రాయమనండి. కాంట్రాక్టు కాపీలో వృత్తి పేరు, కంపెనీ చిరునామా, ఏ ఏడాదికి ఎంత భత్యం, ప్రొబేషన్ ఎన్ని నెలలు అన్నవి చదివాకే సంతకం పెట్టించండి.