ఈ మాట ఎవరిది?

మన కాలేజీలో చరిత్ర చదివినవాళ్లకు ఆ పాఠం చెప్పిన సార్ ఎర్ర సిరా గుర్తుండే ఉంటుంది. అసైన్‌మెంటులో ఏదో ఒక వాక్యం కింద గీత గీసి, పక్కన "ఎవరిది?" అని రాసేవారు. వాక్యాన్ని కొట్టేసేవారు కాదు. మార్కూ తగ్గించేవారు కాదు. కాగితం చేతికిచ్చి, జవాబు రాసుకుని మళ్లీ రమ్మనేవారు. ఇది మీరు క్లాసులో చెప్పారు, ఇది ఫలానా పుస్తకంలో ఫలానా పేజీలో ఉంది, ఇది నేను అనుకుంటున్నది. మూడింటిలో ఏదో ఒకటి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ వాక్యానికి అక్కడ చోటు లేదు.

మన పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు వేరే ఆలోచన రాలేదు. క్యాంటీన్ గురించీ, వార్షికోత్సవాల గురించీ రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నోట్సు రాయడం, వ్యాసం రాయడం మనం ఎలా నేర్చుకున్నామో ఎవరో ఒకరు రాసి పెట్టాలి. నేనిప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠం చెబుతున్నాను. సార్ దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు రోజూ అక్కరకు వస్తున్నది ఆ ఎర్ర సిరా ప్రశ్నే.

1990ల మొదట్లో తెలుగు మీడియంలో ఇంటర్ చదివి, జిల్లాల నుంచి వచ్చి, బీఏ ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్లం మా బ్యాచిలో చాలామందిమి ఉన్నాం. అప్పటిదాకా మాకు నోట్సంటే డిక్టేషన్. లెక్చరర్ చెబుతారు, మేం కామాలు, ఫుల్‌స్టాపులతో సహా దించుకుంటాం. పరీక్షలప్పుడు గైడు, లేకపోతే సీనియర్ల నోట్సు జిరాక్స్. సార్ డిక్టేషన్ ఇచ్చేవారు కాదు. ముప్పావుగంట ఆగకుండా మాట్లాడేవారు. మేం మొదటి వాక్యం రాసేలోపు ఆయన మూడో వాక్యంలో ఉండేవారు. అది కూడా ఇంగ్లిష్‌లో. రెండు వారాలు చూసి, ఒకరోజు పాఠం ఆపి అందరి చేతా వైట్ లాంగ్ నోట్‌బుక్కులు తెరిపించారు.

ఎడమవైపు రెండున్నర అంగుళాలు వదిలి స్కేలుతో నిలువు గీత. అడుగున రెండు అంగుళాలు వదిలి అడ్డగీత. కుడివైపు పెద్ద భాగం క్లాసులో విన్నదానికి. ఎడమ పట్టీ క్లాసులో ఖాళీగానే ఉండాలి. సాయంత్రం చదువుకుంటూ అందులో ప్రశ్నలు రాసుకోవాలి. అడుగున ఆ పేజీ సారాంశం, పుస్తకం చూడకుండా, సొంత మాటల్లో. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే ఆయన 1950లలో ఈ పద్ధతిని రూపొందించారనీ, అందుకే దీన్ని కార్నెల్ నోట్స్ అంటారనీ సార్ అప్పుడే చెప్పారు. తన పద్ధతి కానిదాన్ని తనదిగా చెప్పడం ఆయనకు చేతకాదు.

అయితే దానికి ఆయన కలిపింది ఒకటుంది. ప్రతి పాయింటు ముందూ ఒక అక్షరం పెట్టాలి. సార్ చెప్పింది అయితే "సా". పుస్తకంలోది అయితే "పు", పక్కన పేజీ నంబరు. మనకు తోచింది అయితే "నా". పుస్తకంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు దించితే కోట్స్ తప్పనిసరి. మూడు నెలలు పోయాక నోట్‌బుక్కు తెరిస్తే ఏ మాట ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. అన్నీ ఒకే చేతిరాతలో ఉంటాయి కాబట్టి అన్నీ మనవేననిపిస్తాయి. కావాలని దొంగిలించే పిల్లలను నేను ఇన్నేళ్లలో అరుదుగా చూశాను. నోట్సులోనే గుర్తులు లేక, పుస్తకంలోని వాక్యాన్ని తమదనుకుని రాసేసినవాళ్లే ఎక్కువ.

భాష సంగతి కూడా ఆరోజే తేల్చారు. "నీ తలలో ఏ భాష నడుస్తుందో ఆ భాషలో రాసుకోమ్మా. పేర్లు, పారిభాషిక పదాలు విన్నవి విన్నట్టు ఉంచు. ఇంగ్లిష్‌లో వ్యాసం రాయడం తర్వాతి పని" అన్నారు. తెలుగు మీడియం పిల్లలకు ఆ మాట ఎంత ధైర్యమో పక్కనున్నవాళ్లకు పూర్తిగా తెలియదు. వింటున్నదాన్ని తెలుగులోకి మార్చుకుని రాయాలంటే ముందు అర్థం కావాలి. అర్థం కాని వాక్యాన్ని దించుకోగలం గానీ మార్చుకోలేం. అందుకని మా నోట్సు చిన్నదైంది, అందులో మాకు తెలియకుండా చేరిన వాక్యం ఒక్కటీ లేకుండా పోయింది.

ఆ పద్ధతిలో నేను రాసుకున్న హైదరాబాద్ మూసీ వరదల పాఠం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక పేజీకి సరిపోయింది. సా: 1908 సెప్టెంబరు 28. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాయి. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ కింద బాణం గీసి, వరద నివారణకు పిలిపించిన ఇంజినీరు విశ్వేశ్వరయ్య, 1909. ఇంకో బాణం గీసి, జలాశయాలు: ఉస్మాన్‌సాగర్ (గండిపేట) 1920, మూసీ మీద; హిమాయత్‌సాగర్ 1927, ఈసీ మీద. పక్కన విడిగా, నగరాన్ని బాగుచేయడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, 1912. ఆ సాయంత్రం ఎడమ పట్టీలో నేను రాసుకున్న ప్రశ్న: "నా: వరదకూ బోర్డుకూ మధ్య నాలుగేళ్లు. ఎందుకంత ఆలస్యం?"

సాయంత్రమే చదవాలన్న నియమానికి కారణముంది. మనిషి నేర్చుకున్నది ఎంత వేగంగా మరిచిపోతాడో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి పరీక్షల ముందు పది గంటలు కూర్చోవడం కన్నా అదే రోజు పది నిమిషాలు చూసుకోవడం నయం. నేను కోఠీలో బస్సెక్కితే దిల్‌సుఖ్‌నగర్ వచ్చేలోగా కుడివైపు పేజీని చేత్తో మూసి, ఎడమ పట్టీలోని ప్రశ్నలకు జవాబులు చెప్పుకునేదాన్ని. సీటు దొరకకపోయినా సాగే చదువు అదొక్కటే.

బోర్డుకు ఎందుకంత ఆలస్యమన్న నా ప్రశ్నను సార్‌కు చూపిస్తే జవాబు చెప్పలేదు. "అసైన్‌మెంటు దొరికింది కదా, వెతుక్కో" అన్నారు. అలా అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లడం మొదలైంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా పుట్టి, 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చిన గ్రంథాలయం అది. ఒకప్పుడు వరద ముంచెత్తిన ప్రాంతంలో కూర్చుని ఆ వరద గురించే చదవడం నాకు మరపురాని అనుభవం. 1901లో మొదలై, సుల్తాన్‌బజార్‌లో నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయానికీ వెళ్లేదాన్ని. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతకడం సరేసరి.

చదివేకొద్దీ అంకెలు కలవలేదు. చనిపోయినవారు 15,000 అని ఎక్కువచోట్ల ఉంటుంది. ఇంకో పుస్తకం తీస్తే అంకె మారుతుంది. ఏది రాయాలి సార్ అంటే, "ఎవరు చెప్పారో రాసి అంకె రాయి. నీకు నమ్మకం కుదిరినదాన్ని ముందు పెట్టు, ఎందుకు కుదిరిందో చెప్పు" అన్నారు. ఫుట్‌నోటు అంటే పేజీ కిందికి తోసేసిన చిన్న అక్షరాలని అప్పటిదాకా అనుకున్నాం. చదివేవాళ్లు మనం నడిచిన దారినే వెళ్లి సరిచూసుకోవడానికి పెట్టిన గుర్తు అది.

ఇక ఆలస్యం సంగతి. ఆ నాలుగేళ్ల మధ్యలో 1911 ఉంది. ఆ ఏడాది నగరంలో ప్లేగు వచ్చింది. అదే ఏడాది ఆరో నిజాం పోయి, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాడు. వరద నుంచి కాపాడటానికి జలాశయాలు చాలు. ఇరుకు బస్తీలు, గాలి ఆడని ఇళ్లు, మురుగు అనే బెడదకు బోర్డు లాంటిది కావాలి. నా వ్యాసం మొదటి వాక్యం అక్కడ దొరికింది: వరద ఒక్కటే ఆ బోర్డును తేలేదు, వరద తర్వాత వచ్చిన ప్లేగు, కొత్త పాలన కూడా కలిశాయి. "మూసీ వరదలు, నగరాభివృద్ధి" అన్నది శీర్షిక మాత్రమే. దాన్ని ఎవరూ కాదనరు, కాబట్టి నిరూపించడానికీ ఏమీ లేదు. ఎవరైనా కాదనగలిగే మాట ఒకటి పట్టుకుంటేనే వ్యాసానికి పని ఉంటుంది. ఇది మన పిల్లలకు మొదటి ఏడాదే నేర్పాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇరవై పేజీలు నింపమనడం కన్నా అలాంటి ఒక్క వాక్యం రాయించడం కష్టం, మేలు కూడా.

కాదనగలిగే మాట పట్టుకోమని చెప్పేటప్పుడు సార్ ఎప్పుడూ సురవరం ప్రతాపరెడ్డి గారి దగ్గరికి వచ్చేవారు. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యమని, అంటే అసలు లేరని, ఎవరో రాశారు. కోపంతో జవాబు రాయడానికి సురవరం వారి చేతిలో గోల్కొండ పత్రిక ఉంది. ఆయన అక్కడితో ఆగకుండా 354 మంది కవులను, వాళ్ల పద్యాలను ఒకచోట చేర్చి 1934లో గోల్కొండ కవుల సంచిక తెచ్చారు. ఒక వాదానికి ఇంతకన్నా పెద్ద రుజువు ఉంటుందా? తెలంగాణ పిల్లలకు పరిశోధనా వ్యాసం అంటే ఏమిటో చెప్పడానికి విదేశీ ఉదాహరణ వెతకాల్సిన పనే లేదు.

మాటలు మార్చి రాయడం గురించి కూడా కొంచెం చెప్పాలి. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పుస్తకంలో "వరద వినాశనానంతరం నగర రక్షణార్థం ప్రభుత్వం రెండు జలాశయాలను నిర్మింపజేసింది" అని ఉందనుకోండి. "వరద విధ్వంసం తర్వాత పట్టణ సంరక్షణ కోసం సర్కారు రెండు చెరువులు కట్టించింది" అని రాసి సొంతంగా రాశామనుకుంటారు. ఎముకలన్నీ పాతవే, చొక్కా మార్చారంతే. సార్ పద్ధతి వేరు. పుస్తకం మూసి, పక్కనున్న అమ్మాయికి ఆ సంగతి నోటితో చెప్పమనేవారు. ఆమె ఒక ప్రశ్న అడగాలి. దానికి జవాబు చెప్పాకే పెన్ను పట్టాలి. నేను చెబితే నా పక్కమ్మాయి, "ఆ చెరువులు తాగునీళ్లకు కదా?" అంది. అప్పుడు నేను రాసింది: "గండిపేట అనగానే మనకు తాగునీళ్లే గుర్తొస్తాయి. వరదను నగరానికి ఎగువనే ఆపడం కూడా దాన్ని కట్టిన ఉద్దేశమే." ఆ వాక్యం నాది. అందులోని సమాచారం నాది కాదు కాబట్టి కింద పుస్తకం పేరూ, పేజీ రాశాను. రెండూ ఉండాలి. వాక్యం మనదైనంత మాత్రాన ఆధారం చెప్పే బాధ్యత తీరదు.

ఇప్పటి పిల్లలు బోర్డును ఫోన్‌తో ఫోటో తీసుకుంటారు, పీపీటీలు వాట్సాప్ గ్రూపులో వచ్చేస్తాయి. నాకు దాని మీద కోపం లేదు. ల్యాప్‌టాప్ మీద టైపు చేసేవాళ్లు మాటకు మాట దించుతున్నారనీ, చేత్తో రాసినవాళ్లు భావానికి సంబంధించిన ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారనీ ముల్లర్, ఒపెన్‌హైమర్ అనే పరిశోధకులు 2014లో ప్రచురించారు. తర్వాత 2019లో, 2021లో మళ్లీ చేసి చూసినవారికి జవాబుల్లో అంత తేడా కనబడలేదు. మాటకు మాట దించడం టైపింగులోనే ఎక్కువన్నది మాత్రం 2021లోనూ తేలింది. కాబట్టి పెన్నా, కీబోర్డా అన్నది పెద్ద ప్రశ్న కాదు. వింటున్నప్పుడు ఏది ఉంచుకోవాలో, ఏది వదలాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ప్రశ్న. ఫోటో తీస్తే ఆ నిర్ణయం ఎవరూ తీసుకోనట్టే. తీసినా ఫర్వాలేదు, సాయంత్రం దాని సారాంశం నాలుగు వాక్యాల్లో రాయమంటాను.

యూజీసీ 2018లో గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చాక థీసిస్ రాసేవాళ్లంతా అడిగేది ఒకటే: "మేడమ్, ఎంత శాతం దాకా ఉండొచ్చు?" ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతమైతే ఆరు నెలలు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతమైతే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ లెక్క తెలిసి ఉండాల్సిందే. కానీ సాఫ్ట్‌వేర్ అంకె తగ్గించడానికి పదాలు తిప్పి తిప్పి రాసే పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాళ్లు ఖర్చుపెడుతున్న శ్రమలో సగం పెడితే ఆ పేరా నిజంగా వాళ్లదే అవుతుంది. ఇప్పుడు ఫోన్‌లో ఏఐని అడిగితే వ్యాసం మొత్తం వచ్చేస్తోంది. ఏ పుస్తకంతోనూ పోలిక దొరకదు. అలాంటి కాగితం మీదే సార్ ప్రశ్న మరింత అవసరం.

మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక విన్నపం. మొదటి ఏడాది పిల్లలకు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు, శనివారం మధ్యాహ్నాలు లైబ్రరీలో ఒక గది ఇప్పిద్దాం. వాళ్లు అసైన్‌మెంటు చిత్తుప్రతి తెచ్చుకుంటారు, మనలో ఇద్దరు ముగ్గురు కూర్చుని పక్కనే ఉండి చూస్తారు. దిద్దిపెట్టడం కాదు, అడగడం. నెలకు రెండు శనివారాలు నేను వస్తాను. మీ ఇళ్లలో సార్ దిద్దిన పాత అసైన్‌మెంట్లు ఉంటే జిరాక్స్ తీయించి సంఘం ఆఫీసుకు పంపండి. పిల్లలకు చూపించడానికి నా ఒక్కదాని దగ్గరున్నవి చాలవు.