మసి కనపడేదాకా

ట్రక్కు వెనక లాక్కెళ్ళే ట్రైలరే మా ఇల్లు. ఇవాళ దాన్ని తీసుకుని తొమ్మిదింటికి కదలాలనుకున్నాం. చక్రాలు కదిలేసరికి పదకొండూ పదైంది.

పొద్దున్న ఐదున్నరకే మా కుక్క బుజ్జి లేచింది. లేవడమంటే ముందుకాళ్ళు చాపుకుని, వెనకకాళ్ళని మెల్లగా దగ్గరికి లాక్కుని, కాసేపు అలాగే కూచుని, అప్పుడు నిలబడడం. పదకొండేళ్ళొచ్చాయి, తుంటి కీళ్ళు అరిగాయి. అది లేచేదాకా నేనూ పక్కన నేలమీదే కూచుని తుంటి రాస్తూ ఉంటాను. ట్రైలర్ గుమ్మం దగ్గర ఉన్నవి సందుల సందుల ఇనప మెట్లు. ఆర్నెల్ల కిందట ఆ సందులో దాని కాలు దిగబడి, తీయడానికి మేమిద్దరం కిందా పైనా పట్టుకోవాల్సి వచ్చింది. అప్పట్నుంచీ మెట్లు మా ఇద్దరికీ, దానికి మాత్రం చెక్క వాలు. చెక్క మీద కాళ్ళు జారకుండా గరుకు గుడ్డ బిగించాం. దానిమీద ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగి, గడ్డిలో నిలబడి, గాలి వాసన చూస్తుంది. ఈ ట్రైలర్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన సమయం అదే. ఊరు మారినా చోటు మారినా ఆ పది నిమిషాలు మాత్రం మారవు.

బుజ్జికీ, మా పిల్లి మసికీ పొద్దున్న తిండి పెట్టలేదు. ప్రయాణం రోజు బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు కడుపు ఖాళీగా ఉంచితే వాంతులుండవు. బుజ్జికి అర్థమైపోయింది. మసికి ఎప్పటికీ అర్థం కాదు, గిన్నె చుట్టూ తిరుగుతూ నా కాళ్ళకి రాసుకుంటూ అరుస్తూనే ఉన్నాడు. ఏడున్నరదాకా వాడు నా కళ్ళముందే ఉన్నాడని కచ్చితంగా చెప్పగలను. ఆ తర్వాత నేను మంచినీళ్ళ ట్యాంకు నింపడానికి బయటికి వెళ్ళాను.

ఆ నీళ్ళ సంగతి ఇక్కడే రాసిపెట్టుకోవాలి. ఈ చోట నీళ్ళు బుజ్జి కడుపుకి పడ్డాయి. పోయినసారి కొత్తచోట నీళ్ళు తాగి రెండ్రోజులు విరేచనాలతో నీరసించిపోయింది. అందుకని 150 లీటర్ల ట్యాంకు అంచుదాకా నింపాను. మామూలుగా దారిలో పావు వంతు మించి ఉంచుకోం. నింపాలన్నది నా నిర్ణయం, మా ఆయనకి చెప్పను కూడా లేదు.

సర్దడంలో ఒక వరస ఉంది. స్లైడవుట్ లోపలికి లాగడం మొదటి పని. మా సోఫా, భోజనాల బల్ల ఉన్న గోడ మొత్తం స్విచ్ నొక్కితే మూడడుగులు బయటికి జరుగుతుంది, గది వెడల్పవుతుంది. బయల్దేరేముందు దాన్ని తిరిగి లోపలికి లాక్కోవాలి. అది కూడా నాలుగు మూలలా జాకీలు దిగి, ట్రైలర్ మట్టంగా ఉన్నప్పుడే లాగాలి. ముందే జాకీలు ఎత్తేస్తే చట్రం మెలిపడి గోడ ఇరుక్కునే ప్రమాదం ఉంది. కాబట్టి స్లైడవుట్ లోపలికి రాందే జాకీలు లేవవు, ట్రక్కుకి తగిలించడం ఉండదు, ఏదీ ఉండదు.

స్లైడవుట్ లోపలికి రావాలంటే మసి కనపడాలి. మా ఇంట్లో రాసుకున్న నియమం అదొక్కటే. "ఇద్దరూ ఉన్నారు" అని నేను పైకి అనేదాకా స్విచ్ ముట్టుకోకూడదు. బుజ్జి బయట తాడుతో కట్టి ఉండాలి, మసి బోనులో ఉండాలి, బోను తలుపు గొళ్ళెం పడాలి, అది నేను నా కళ్ళతో చూడాలి. రెండేళ్ళ కిందట ఇలాగే లాగుతుంటే మధ్యలో మోటారు మూలిగి ఆగిపోయింది. చూస్తే చిన్న దుప్పటి ఒకటి అడుగున పళ్ళచక్రంలో చుట్టుకుని నలిగి ఉంది. మసి రోజూ పడుకునే దుప్పటి అది. ఆ పూట వాడు దానిమీద లేడు. ఆ దుప్పటిని నేను పారేయలేదు, అలమర అడుగున ఉంది.

ఎనిమిదిన్నరకి ఆయన బయట్నుంచి కేకేశారు. "ఏమయింది, లాగేయనా?"

"మసి లేడండీ."

"మంచం కింద చూశావా?"

మంచం కింద, అలమరలో, స్నానాల గదిలో, ఎండు బట్టల బుట్టలో, నీళ్ళ హీటరు చెక్క వెనకాల, అన్నీ చూశాను. ముప్పై అడుగుల ట్రైలర్. పెద్ద అడుగులు వేస్తే ఆ చివర్నుంచి ఈ చివరికి పదడుగులు. ఇంత చిన్నచోట నాలుగున్నర కేజీల నల్ల పిల్లి మాయమైపోతుందా! తలుపు తీసి ఉంచలేదు కదా అని నన్ను నేను పదిసార్లు అడుక్కున్నాను. నీళ్ళ పైపు కోసం వెళ్ళినప్పుడు గడియ పెట్టానా? పెట్టాననే గుర్తు. కానీ అలాంటి గుర్తు మీద నమ్మకం ఎంతసేపుంటుంది! గిన్నె మోగించాను. వాడికిష్టమైన డబ్బా మూత తీసిన చప్పుడు చేశాను. పలకలేదు.

ఆయనకి తొందర ఉంది, కారణం కూడా ఉంది. మధ్యాహ్నం రెండు దాటాక అడ్డగాలి గట్టిగా వీస్తుందని వాతావరణ సూచన. అంతలోపు చేరిపోవాలని రాత్రే అనుకున్నాం. అయినా ఆయన లోపలికొచ్చి మాట అనలేదు. చేతిలో ఉన్న జాకీ పిడిని సింకు పక్కన పెట్టేసి, టార్చి తీసుకుని నాతోపాటు నేలమీద బోర్లా పడుకున్నారు. ఇన్నేళ్ళలో నేను ఆయన్ని ఎందుకు ఇష్టపడతానో ఎవరైనా అడిగితే ఆ జాకీ పిడి పక్కన పెట్టడం గురించి చెప్తాను.

సోఫా అడుగున గుడ్డ కుట్టు ఒక మూల నాలుగంగుళాలు ఊడింది. టార్చి వెలుగు పడగానే లోపల రెండు పచ్చటి చుక్కలు మెరిశాయి. పిల్లి కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటుంటుంది. చీకట్లో ఏ కాస్త వెలుగు పడినా దాన్ని వెనక్కి కొడుతుంది. ఆ పొర వల్లే దొరికాడు, లేకపోతే నల్లటి బొచ్చు, నల్లటి గుడ్డ, ఏం కనపడుతుంది? స్లైడవుట్ లాగి ఉంటే ఆ సోఫా వాడితో సహా లోపలికి జరిగేది. నా చేతులు చల్లబడిపోయాయి. ఏమీ జరగలేదని తెలిసినా చాలాసేపు వేడెక్కలేదు.

దొరకడం వేరు, రావడం వేరు. పిల్లిని దాగినచోటు నుంచి లాగకూడదు. లాగితే ఇంకా లోపలికి పోతుంది, మళ్ళీసారి మనకి తెలియని చోటు వెతుక్కుంటుంది. పెట్టెలు సర్దుతున్న చప్పుడు విని వాడు ఏడున్నరకే ముందుజాగ్రత్త పడ్డాడు. మేం చేసే చప్పుళ్ళన్నిటికీ వాడి దగ్గర అర్థాలున్నాయి. కాబట్టి చప్పుడు ఆపేశాం. ఆయన బయటికెళ్ళి బుజ్జి పక్కన కూచున్నారు. నేను బోను తలుపు తీసి, లోపల నా పాత చొక్కా పరిచి, దానికెదురుగా గోడకి జేరబడి పుస్తకం పట్టుకున్నాను. యాభై నిమిషాలు. ముందు మీసాలు కనపడ్డాయి, తర్వాత ఒక కాలు. వచ్చి నా మోకాలు వాసన చూసి, తనంతట తానే బోనులోకెళ్ళి కూచున్నాడు. గొళ్ళెం వేసి "ఇద్దరూ ఉన్నారు" అన్నాను. గొంతు పూడుకుపోయి మాట సరిగ్గా రాలేదు, రెండోసారి అనాల్సి వచ్చింది.

మిగతా పని ఎప్పటిలాగే అయింది. టైర్లలో గాలి చల్లగా ఉండగానే చూసుకోవాలి, అది పొద్దున్నే అయిపోయింది. గ్యాస్ వాల్వు కట్టేశాం. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించే హిచ్ కింద గొలుసులు రెండూ అడ్డంగా ఒకదానిమీదొకటి వచ్చేట్టు తగిలించాం. ఒకవేళ హిచ్ ఊడినా ట్రైలర్ ముక్కు నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఉయ్యాల్లో పడుతుంది.

బుజ్జి, మసి ప్రయాణం చేసేది ట్రక్కు వెనక సీట్లో. ట్రైలర్‌లో అంత చోటుండగా, మెత్తటి పరుపుండగా వీళ్ళని ఇరుకు సీట్లో ఎందుకు కూచోబెడతారని చాలామంది అడుగుతారు. కదులుతున్న ట్రైలర్ లోపల ఏం జరుగుతోందో ముందున్నవాళ్ళకి తెలియదు. అలమర తలుపు ఊడి గిన్నెలు మీదపడ్డా, ఏసీ లేక ఉడికిపోతున్నా, కేక వినపడదు. బుజ్జి ఛాతీకి హార్నెస్, అది సీటు బెల్టుకి. మసి బోనుకి కూడా బెల్టు, మీద పల్చటి గుడ్డ. బయట పరుగెత్తే చెట్లు కనపడకపోతే వాడి చొంగ కారడం సగం తగ్గుతుంది.

డీజిల్‌కి ఆగినప్పుడు ఒకళ్ళం దిగితే ఒకళ్ళం లోపలే. ఇంజిను ఆపం, ఏసీ ఆపం. బయట 24 డిగ్రీలే ఉన్నా, మూసి ఉన్న బండిలో పది నిమిషాల్లో 34, అరగంటలో 43 దాకా పోతుంది. అద్దం కాస్త దించినంత మాత్రాన పెద్ద తేడా ఉండదు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, ఒగర్చడమే దానికున్న ఆధారం. ఇవాళ బంకులో పక్క బండిలో ఒక చిన్న కుక్క ఒంటరిగా నాలుక చాపి కూచుని ఉంది. నేను దాని అద్దం పక్కనే నిలబడ్డాను. వాళ్ళు వచ్చేదాకా కదల్లేదు. వచ్చాక, "చాలా వేడిగా ఉందండీ లోపల" అని మాత్రం అన్నాను. ఇంకా ఏదైనా అని ఉండాల్సింది.

రెండు దాటింది. గాలి చెప్పినట్టే వచ్చింది. పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటుతుంటే ట్రైలర్ తోక ముందు అటు నెట్టుకుపోయి, తర్వాత ఇటు లాక్కొచ్చింది. ఒక్కసారితో ఆగలేదు. అటూ ఇటూ ఊగడం మొదలైంది, ప్రతి ఊపుకీ ట్రక్కు వెనక భాగాన్ని కూడా లాగుతోంది. బుజ్జి లేచి నిలబడబోతే హార్నెస్ పట్టుకుని ఒళ్ళో తల పెట్టించుకున్నాను. ఆయన ట్రక్కు బ్రేకు తొక్కలేదు. స్టీరింగుతో ఆ ఊపుని తరమలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీసి, డాష్‌బోర్డు కింద ట్రైలర్ బ్రేకుల మీట ఒక్కటే చేత్తో నొక్కారు. వెనక నుంచి ఎవరో పట్టుకుని లాగినట్టయి ట్రైలర్ తిన్నగా అయింది. పది సెకన్లు పట్టిందేమో. ఆ పది సెకన్లూ మేమెవరం మాట్లాడలేదు.

పక్కకి ఆపుకున్నాక, "ఇంత ఎందుకు ఊగింది? పోయినవారం ఇంతకంటే పెద్ద గాలి కదా" అన్నారు. అప్పుడు నీళ్ళ సంగతి చెప్పాను. మా ట్రైలర్‌లో నీళ్ళ ట్యాంకు ఇరుసుకి వెనక వైపుంది. 150 లీటర్లంటే 150 కేజీలు. తోక బరువెక్కిందంటే హిచ్ మీద బరువు తగ్గినట్టే. నిండుగా సర్దుకున్న మా ట్రైలర్ మూడున్నర టన్నులు. అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద ఉంటేనే అది కుదురుగా వెంటొస్తుంది. ఆ లెక్క నాకు తెలుసు. తెలిసీ పొద్దున్న నాకు బుజ్జి కడుపు తప్ప ఇంకేం గుర్తురాలేదు. ఆయన కోప్పడలేదు. రెండు ఇరవై లీటర్ల క్యాన్లు నింపి ట్రక్కులో మా సీట్ల వెనక పెట్టుకున్నాం, అవి బుజ్జికీ మసికీ. మిగతా నీళ్ళు రోడ్డుపక్క గడ్డిలోకి వదిలేశాం. పారుతున్న ఆ నీళ్ళని చూస్తూ నిలబడితే బాధగానే ఉంది.

అనుకున్నచోటికి పోలేదు. ఇంకా గంటన్నర దూరముంది, గాలి పెరుగుతోంది. దగ్గర్లోనే ట్రైలర్లు ఆపుకునే చోటు దొరికితే మళ్ళించేశాం. పొద్దున్న ఆ గంటా యాభై నిమిషాలు పోకపోయుంటే గాలికి ముందే చేరేవాళ్ళం. ఆయన ఆ మాట అనలేదు, నేనే అన్నాను. "వాడు సోఫాలో ఉన్నాడు కదా" అన్నారు. అంతే, ఇంకా దానిమీద మాట్లాడుకోలేదు.

వెనక్కి పెట్టడం నా పని. స్టీరింగు కింది భాగాన చెయ్యి పెట్టి, ట్రైలర్ ఎటు పోవాలంటే చేతిని అటు జరపడం. ఈ ఒక్క కిటుకు తెలిశాక నాకు భయం పోయింది. ఇవాళ రెండుసార్లలో పెట్టాను. రసమట్టం చూసి, తక్కువ వైపు చక్రాల కింద పలకలు పెట్టి, అడ్డుదిమ్మలు బిగించాకే హిచ్ విప్పాం. అంతసేపూ కూచోవడంతో బుజ్జి తుంటి పట్టేసింది, వాలు మీద రెండడుగులేసి ఆగిపోయింది. ఆయన కింద, నేను పైన, తువ్వాలు దాని పొట్ట కింద వేసి ఎక్కించాం. కొత్త గడ్డి కాబట్టి చెవుల వెనక, కాలివేళ్ళ మధ్య, చంకల్లో పిడుదుల కోసం వెతికాను. ఒకటి దొరికింది. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేశాను.

బుజ్జి మెడపట్టీకున్న బిళ్ళ అప్పుడే కంటపడింది. పేరు, ఫోను నంబరు, అంతే. చిరునామా చోటు ఖాళీ. ఒంట్లో ఉన్న గుర్తింపు చిప్‌కి 15 అంకెలున్నాయి, ఆ అంకెల వెనక ఉన్నదీ నా ఫోను నంబరే. నంబరు మారిస్తే ముందు అక్కడ మార్చాలని మరోసారి అనుకున్నాను.

రాత్రి తిండి అయ్యాక ఆయన సోఫా తిరగేసి, చిరిగిన గుడ్డ స్థానంలో పల్చటి చెక్క కోసి మరలు బిగించారు. మసి పక్కనే కూచుని ప్రతి మరనీ చూశాడు. అయిపోయాక చెక్కని కాలితో గీకి చూసి, మంచమెక్కి నా దిండు మీద పడుకున్నాడు. పిల్లికి దాక్కునే చోటు లేకుండా చేయడం కూడా తప్పే. అందుకని అలమర కింది అర ఖాళీచేసి వాడికిచ్చాను. అలమర కదలని గోడ వైపుంది. నలిగిన ఆ పాత దుప్పటిని చాలాసేపు చేతిలో పట్టుకుని, ఉతికి, ఇక్కడే పరుద్దామనుకున్నాను.

గాలి ఇంకా తగ్గలేదు. అప్పుడప్పుడు ట్రైలర్ జాకీల మీద కొంచెం కదులుతోంది. కదిలినప్పుడల్లా బుజ్జి ఒక కన్ను తెరిచి, నేనున్నానో లేదో చూసుకుని, మళ్ళీ మూసుకుంటోంది. లైటు తీసేస్తున్నాను.