అండమాన్ నీళ్ళలో ఒక్క బ్యాటరీతో

స్వరాజ్ ద్వీప్‌లో పడవ మీద బ్యాటరీ మార్చే పని నేనస్సలు పెట్టుకోను. నాది ఒలింపస్ టఫ్ టీజీ-6, నీళ్ళలోకి తీసుకెళ్ళగలిగే చిన్న కెమెరా. బ్యాటరీ మూత రబ్బరు మీద ఒక్క ఇసుక రేణువో, తల వెంట్రుకో అడ్డం పడితే చాలు, ఉప్పునీళ్ళు లోపలికి దూరిపోతాయి. గదిలోనే పొడి చేతులతో ఫుల్ ఛార్జింగున్న బ్యాటరీ వేసుకుంటే, తిరిగొచ్చేదాకా అదే దిక్కు.

కంపెనీ లెక్క ప్రకారం ఒక్క ఛార్జింగుకు 340 ఫొటోలు రావాలి. నీళ్ళలో అన్ని రావు. స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది కదా! పైగా 4కే వీడియో ఛార్జింగును ఇట్టే తాగేస్తుంది. అందుకే నావి చిన్న చిన్న క్లిప్పులే.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది కెమెరా పైనున్న లాగ్ (LOG) మీట, అంటే మనం తిరిగిన దారిని జీపీఎస్‌తో నమోదు చేసే స్విచ్. అది ఆన్‌లో ఉంటే, కెమెరా ఆపేసినా జీపీఎస్ నడుస్తూనే ఉంటుంది. నీటి కింద ఆ సిగ్నలే అందదు, ఇక ఎందుకు? బ్యాగులో రాసుకుని దానంతటదే జరగొచ్చు కూడా. దిగేముందు వేలితో తడిమి చూసుకోండి.

వైఫై, ఫ్లాష్ కూడా ఆపేస్తాను. తక్కువ లోతులో ఎండ వెలుతురే బాగుంటుంది, ఫ్లాష్ వేస్తే నీళ్ళలోని నలుసులన్నీ తెల్లగా మెరుస్తాయి. అనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి పోగుల్లోంచి క్లౌన్ చేప తొంగిచూసేదాకా కెమెరా నిద్రలోనే ఉంటుంది. తీసినవి పడవెక్కాక చూసుకోవాలని మనసు లాగుతుంది గానీ, ఆ స్క్రీన్ వెలుగు కూడా బ్యాటరీ ఖాతాలోదే. గదికెళ్ళి, మంచినీళ్ళలో నానబెట్టి, బాగా ఆరాకే మూత తీసి ఛార్జింగ్ పెడతాను.