చిక్కుడు పాదు మీద చీమలు

చలికాలం వచ్చిందంటే మా మేడ మీద చిక్కుడు పాదుకి పేనుబంక ఖాయం. లేత చిగుళ్లకీ పూతకాడలకీ నల్లటి పురుగులు, ఆవగింజ కన్నా చిన్నవి, సందు లేకుండా అంటుకుపోతాయి. వాటి వెంటే చీమల బారు.

పక్కింటి పిన్నిగారు చూసి, "చీమలు పాదంతా తినేస్తున్నాయమ్మా, మందు చల్లు" అన్నారు. "ఇవి చిక్కుడాకు కోసం రాలేదు పిన్నిగారూ, ఆ పురుగుల కోసం వచ్చాయి" అని, ఫోన్ కెమెరాకి లెన్స్ తగిలించి చూపించాను. చీమ తన మీసాలతో పురుగు వెనక భాగాన్ని గబగబా తడుతుంది. పురుగు వెనక నుంచి చిన్న చుక్క ఊరుతుంది, గాజుపూసలా. చీమ అది తాగేసి పక్కదాన్ని తడుతుంది. కాసేపటికి దాని పొట్ట ఎంత ఉబ్బుతుందంటే, నల్లటి పట్టీల మధ్య పల్చటి పొర బయటపడి, ఎండకి లోపలి రసం మెరుస్తుంది. పిన్నిగారు ఫోన్ వదల్లేదు!

ఆ చుక్క పురుగు విసర్జించే తీపి. మొక్కలో చక్కెర పారే నాళంలోకి సూదిలాంటి నోరు దింపి రసం పీలుస్తుంది. ఆ రసంలో చక్కెర బోలెడు, మాంసకృత్తులకి ముడిసరుకైన అమైనో ఆమ్లాలు బహు తక్కువ. ఒంటికి సరిపడా అవి దొరకాలంటే చాలా రసం తాగాలి, మిగిలిన తీపిని వదిలెయ్యాలి. అప్పటికీ చాలని వాటిని దాని ఒంట్లోనే బతికే బుక్నెరా అనే బ్యాక్టీరియా తయారుచేసి పెడుతుంది. నాకు ఇదే అన్నిటికన్నా అద్భుతంగా తోస్తుంది. చీమలు తాగని తీపి ఆకుల మీద పడి, నల్లటి మసి తెగులు పడుతుంది.

బదులుగా చీమలు కాపలా కాస్తాయి. పేనుబంకని తినే అక్షింతల పురుగు ఒకటి చిగురు మీద వాలగానే రెండు చీమలు దాని కాళ్లు పట్టుకున్నాయి. అది కాళ్లు ముడుచుకుని టప్పున కింద పడిపోయింది. అయితే ఇదంతా ప్రేమేం కాదు. మాంసకృత్తులు కావాలంటే చీమలు ఆ పేనుబంక పురుగుల్నే తినేస్తాయి. చీమలు నడిచిన చోట మిగిలే రసాయనాల వల్ల పేనుబంక నడక మందగిస్తుందని 2007లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు.

అందుకే నేను మందు జోలికి పోను, చీమల దారి మూసేస్తాను. పందిరి రాటలకి గుడ్డ చుట్టి గ్రీజు పూస్తాను. కుండీని సబ్బునీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెడతాను. కాపలా తప్పిందంటే అక్షింతల పురుగులు వాటంతటవే వచ్చి పని మొదలుపెడతాయి. గ్రీజు మీద దుమ్ము పేరుకుంటే మళ్లీ పూయాలి. పిట్టగోడకి ఆనే తీగల్ని మాత్రం తప్పకుండా కత్తిరించండి, చీమలకి ఆ ఒక్క వంతెన చాలు.