గోడ మీద నీటి గీత

రాత్రి రెండింటి దాకా ‘ద సింకింగ్ సిటీ’ ఆడాను. 2019లో వచ్చిన వీడియో గేమ్. 1920ల కాలం, ఓక్‌మాంట్ అనే ఊరు, చార్ల్స్ రీడ్ అనే ప్రైవేట్ డిటెక్టివ్. వరదకు సగం మునిగిన ఊరది. కొన్ని వీధుల్లో నడవాలి, కొన్నింట్లో పడవెక్కాలి.

పోవాల్సిన చోటు ఆట చూపించదు. ఫలానా వీధి, ఫలానా సందు దగ్గర అని మాత్రమే తెలుస్తుంది. మ్యాప్‌లో మనమే వెతికి గుర్తు పెట్టుకోవాలి. మన కర్నూలులో అడ్రసు చెప్పేదీ ఇట్లానే కదా! అందుకే రెండు రోజుల్లో ఆ ఊరు నాకు మా పేటలాగా అయిపోయింది.

ఘోరాలు చూసేకొద్దీ రీడ్ మనసు అదుపు తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. నన్ను ఆపేసింది అది కాదు, బురద పట్టిన ఒక ఖాళీ ఇల్లు. చేతులు వణికి, ఆట ఆపేశాను.

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చేసిన రోజు. మేమంతా మిద్దె మీదే ఉన్నాం. చీకట్లో మెట్లకు నీళ్లు తగిలే చప్పుడు, కింద బియ్యం డబ్బా గోడకు కొట్టుకునే చప్పుడు. నీళ్లు తీసినాక అవ్వ పెళ్లి ఫొటో మీది బురదను కొంగుతో మెల్లగా తుడుస్తా కూర్చుంది. తుడిచేకొద్దీ తాత ముఖం కూడా చెరిగిపోయింది. అవ్వ ఏడవలేదు. ఫొటోను అట్లే ఎండలో పెట్టింది.

పొద్దున్నే బీరువా జరిపి చూశాను. సున్నం వేయని ఆ కాస్త చోట గీత అట్లే ఉంది. అప్పుడు నా తలకన్నా జానెడు పైన ఉండేది. ఇప్పుడు భుజం దాకా వస్తోంది.