గింజాలో ఒక పూట భోజనం కోసం నెల రోజుల వెతుకులాట

శ్రీకాకుళంలో మా వీధికి కళింగపట్నం వైపు నుంచి చేపల తట్ట తెచ్చే అప్ప దగ్గర మా అమ్మ దాదాపు ముప్పయ్యేళ్ళు చేపలు కొన్నది. తొలి రోజుల్లో మొప్ప ఎత్తి రంగు చూసేది, పొట్ట దగ్గర వేలితో నొక్కి చూసేది, బేరమాడేది. కొన్నాళ్ళకు అవన్నీ మానేసి, "ఇయాల ఏది బాగుంటే అదే వెయ్యి" అని గిన్నె ముందుకు జరపడం అలవాటు చేసుకుంది. వంజరం అడిగిన రోజున కూడా అప్ప ఒక్కోసారి "ఇయాల వొద్దమ్మా, కానాగంతలు తీసుకో" అనేది, అమ్మ మారు మాట్లాడేది కాదు. టోక్యో ప్రయాణానికి ముందు ఒక ఖరీదైన సుషీ (అన్నం ముద్ద మీద పచ్చి చేప ముక్క పెట్టి ఇచ్చే జపాను తిండి) హోటల్‌ను ఎంచుకోవలసిన పని నా నెత్తిన పడినప్పుడు, ఎంత చదివినా తేలని సంగతి చివరికి ఆ గిన్నె గుర్తుకు వచ్చాకనే తేలింది.

మా మేనల్లుడు టోక్యోలో మన దేశస్థులు ఎక్కువగా ఉండే నిషి కసాయిలో కాపురం ఉంటున్నాడు. నవంబరులో నేనూ నా భార్యా వస్తున్నామని చెప్పగానే, "మావయ్యా, మీరు చేపల జిల్లా మనిషి. ఒక్క పూటైనా గింజాలో సుషీ తినకుండా వెళ్ళడానికి వీల్లేదు. డబ్బు నాది, ఎంపిక మీది" అన్నాడు. విషయం తెలిసిన నా భార్య, "పచ్చి చేపలు మీరూ మీ మేనల్లుడూ తినండి, నేను వాళ్ళావిడతో కలిసి బజారు చూస్తాను" అని ముందే తప్పుకొంది. అంచేత వెతకవలసింది రెండు కుర్చీలకే. ఆ రెండు కుర్చీలకే నెల రోజులు పట్టింది.

గింజా అనే ఆ టోక్యో పేట పెద్ద ప్రాంతమేమీ కాదు. నడిస్తే పావుగంటలో ఈ కొస నుంచి ఆ కొసకు చేరవచ్చు. 1612లో అక్కడ వెండి నాణేలు ముద్రించే టంకశాల ఉండేదట, 'గిన్' అంటే వెండి, పేరు అలా వచ్చింది. దాన్ని ఒకటి నుంచి ఎనిమిది వరకు 'చోమె'లుగా విడదీశారు. అంత చిన్న చోట ఇన్ని సుషీ హోటళ్ళు ఎందుకు పుట్టుకొచ్చాయన్న నా ప్రశ్నకు జవాబు మ్యాపులోనే కనిపించింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన త్సుకీజీ చేపల మార్కెట్టు 1935 నుంచి 2018 దాకా అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండేది. మార్కెట్టు పక్కన వంటవాళ్ళు, వంటవాళ్ళ పక్కన డబ్బున్నవాళ్ళు. 2018 అక్టోబరులో టోకు వ్యాపారం తొయోసుకు తరలిపోయినా హోటళ్ళు మాత్రం గింజాను విడిచిపెట్టలేదు.

మొదట అందరూ చెప్పే పేర్లతోనే మొదలుపెట్టాను. గింజా మెట్రో స్టేషన్ దగ్గర ఒక భవనం నేలమాళిగలో పది కుర్చీలతో నడిచే సుకియబాషి జిరో గురించి వినని వారుండరు. 2014 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామాను జపాన్ ప్రధాని అబే తీసుకువెళ్ళింది అక్కడికే. కానీ 2019లో మంచి హోటళ్ళకు నక్షత్రాలు ఇచ్చే మిషెలిన్ గైడు దాన్ని తన జాబితాలోంచి తీసేసింది, కారణం రుచి తగ్గడం కాదు, సామాన్యులకు అక్కడ సీటు దొరికే మార్గం లేకపోవడం. దొరకని హోటల్‌కు నక్షత్రాలు ఇవ్వడం వల్ల ఎవరికి ఉపయోగమని వాళ్ళు అనుకొని ఉంటారు, అది నాకు సబబుగానే తోచింది. ఎనిమిదో చోమెలో 1935 నుంచి ఉన్న క్యూబే అనే హోటల్ ఇందుకు భిన్నమైనది. దానికి పలు అంతస్తులున్నాయి, విదేశీయులకూ సులువుగా సీటు దొరుకుతుంది. అన్నం ముద్ద చుట్టూ సముద్రపు నాచు పట్టీని గోడలా నిలిపి, పైన చేపగుడ్లు నింపే 'గుంకన్' పద్ధతి అక్కడే పుట్టిందని చెబుతారు. మా మేనల్లుడు దానివైపే మొగ్గాడు. నాకెందుకో చిన్న బల్ల ముందు కూర్చుని, కోసేవాడి చేతులు చూస్తూ తినాలని మనసులో పడిపోయింది.

అక్కడి జనం ఎక్కువగా నమ్మే తాబెలోగ్ అనే సైటులో మార్కులు చూడమని వాడు పంపాడు. మొదటి రోజు నాకు కళ్ళు తిరిగాయి, గొప్ప గొప్ప హోటళ్ళకు కూడా 5కు 3.6, 3.8 మార్కులే ఉన్నాయి. మన ఫోన్లలో ఇడ్లీ బండికి కూడా 4.3 ఇస్తారు కదా! జపానువాళ్ళు మార్కులు వేయడంలో మా కాలపు లెక్కల మాస్టార్లలాంటివారనీ, 3.5 దాటితే మంచిదనీ, 4 దాటినవి అరుదనీ వాడు వివరించాక గానీ ఆ అంకెలు నాకు అర్థం కాలేదు. అయినా ఎనిమిది కుర్చీల హోటల్‌లో ఒక పూట తిన్నవాడి మాటలోంచి ఇంకొకడు తేల్చుకోగలిగేది పెద్దగా ఏమీ ఉండదు.

తరవాత ధరలు. రాత్రి భోజనమైతే మనిషికి ముప్పై వేల యెన్‌లు దాటడం అక్కడ మామూలు. మన రూపాయల్లో అది పదహారు, పదిహేడు వేలు. అదే హోటల్, అదే వంటవాడు, మధ్యాహ్నం అయితే చాలా చోట్ల బాగా తగ్గుతుంది, ముక్కల సంఖ్య తగ్గించి, ముందు వచ్చే చిన్న చిన్న వంటకాలు మానేసి, నేరుగా సుషీ పెడతారు. మాకు కావలసింది సుషీయే కాబట్టి మధ్యాహ్నమే మేలని ఇద్దరం ఒప్పుకున్నాం.

రోజు ఎంచుకోవడంలో మాత్రం నేను నా తెలివి చూపించాను. తొయోసు మార్కెట్టుకు ఆదివారాలు, కొన్ని బుధవారాలు సెలవు. సెలవు మరునాడు పాత చేప మిగులుతుందేమోనని శుక్రవారం పట్టుబట్టాను. మా ఊళ్ళో వేట నిషేధం ఉన్న రెండు నెలలూ ఐసు చేప కొననివాళ్ళం మరి. నా లెక్క సగమే నిజమని అక్కడికి వెళ్ళాక తెలిసింది.

ఇక మిగిలింది ఎవరి దగ్గర కూర్చోవాలన్నది. ఈ స్థాయి హోటళ్ళలో మెనూ కార్డు ఉండదు. 'ఒమకాసె' అంటారు, "మీకే వదిలేస్తున్నాను" అని ఆ మాటకు అర్థం. ఏ చేప, ఏ వరస, ఎన్ని ముక్కలు అన్నది పూర్తిగా వంటవాడి ఇష్టం. ఆ మాటకు అర్థం చదివిన రోజునే నాకు అమ్మ గిన్నె గుర్తుకు వచ్చింది. అలాంటప్పుడు చేపల పేర్లూ ఫొటోలూ పోల్చి చూడటం దండగ, మనిషిని పోల్చాలి. అప్పటి నుంచి మార్కులు పక్కనబెట్టి, ఏళ్ళుగా అదే బల్ల వెనక నిలబడి స్వయంగా సుషీ చుట్టే యజమాని ఎవరు, అన్నం గురించి తిన్నవాళ్ళు ఏమన్నారు అన్నవి మాత్రమే చూశాను. సుషీలో చేప పేరు మోస్తుంది గానీ, హోటల్‌కూ హోటల్‌కూ తేడా తెలిసేది అన్నంలోనే అని పదే పదే చదివాను. ఏడో చోమెలో ఎనిమిది కుర్చీల హోటల్ ఒకటి ఇలా తేలింది. సాకె అనే బియ్యపు మద్యాన్ని వడకట్టాక మిగిలే పిప్పిని ఏళ్ళ తరబడి మగ్గబెట్టి తీసే ఎర్ర వెనిగర్‌ను అక్కడ అన్నంలో కలుపుతారు, కాబట్టి అన్నం లేత గోధుమ రంగులో ఉంటుంది. ఫొటోలో చూసి నా భార్య "దంపుడు బియ్యంలా ఉంది" అంది.

దానికంటే ముందు ఇంకొక చోట ప్రయత్నించి భంగపడ్డాం. జపనీసు మాట్లాడేవారు వెంట లేకపోతే సీటు ఇవ్వబోమని మర్యాదగా చెప్పారు. మేనల్లుడికి ఆ భాష వచ్చునని జవాబు రాసేలోగా ఆ రోజు సీట్లన్నీ నిండిపోయాయి. రెండో చోట బుకింగ్ దొరికింది, దానితోపాటు నిబంధనలూ వచ్చాయి. సరిగ్గా పన్నెండు గంటలకు అందరికీ ఒకేసారి మొదలవుతుంది, ఆలస్యం కూడదు. ఆ రోజు రాకపోతే పూర్తి డబ్బు కార్డులోంచి కోస్తారు. తినకూడనివి ఏమైనా ఉంటే ముందే చెప్పాలి. సెంటు పూసుకుని రాకూడదు. ఈ చివరి నియమం వల్ల, నలభయ్యేళ్ళుగా రాసుకుంటున్న వాసన నూనె నేను ఆ ఉదయం మానవలసి వచ్చింది.

నిషి కసాయి నుంచి తోజాయ్ లైనులో నిహోంబాషి దాకా, అక్కడ మారి గింజా లైనులో రెండో స్టేషన్. పైకి రాగానే నాలుగో చోమె కూడలిలో 1932 నాటి వాకో గడియారపు భవనం. ఆడవాళ్ళు అక్కడే ఆగిపోయారు. మేము ఏడో చోమె వైపు నడిచాం. అరగంట ముందే చేరినా తలుపు దొరకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడ చిరునామాలో వీధి పేరు ఉండదు, చోమె, ఆ లోపలి భాగం, భవనం అంకెలు మాత్రమే ఉంటాయి. పైగా ఒక్కో సన్నని భవనంలో అంతస్తుకొక హోటల్, పక్క గోడన నిలువుగా పేర్ల పలకలు, అన్నీ జపనీసులోనే. ఆ పలక కింద రెండుసార్లు దాటి పోయాం.

లోపల బోర్డులు, పాటలు, బొమ్మలు ఏమీ లేవు. ఒకే చెక్కతో చేసిన పొడవాటి బల్ల, దాని వెనక అరవయ్యేళ్ళ పెద్దమనిషి. ఆయన ముందుగా వాసాబి అనే పచ్చని ఘాటు దుంపను సొరచేప తోలు అతికించిన చెక్క మీద గుండ్రంగా అరగదీశాడు. మనం గంధం తీసినట్టే, అంతే నెమ్మదిగా, వాసన కూడా నెమ్మదిగా లేచింది. తరవాత ఎడమ చేతిలో చేప ముక్క, దాని మీద వేలి కొనతో చిటికెడు వాసాబి, కుడి చేత్తో చెక్క తొట్టెలోంచి అన్నం. నాలుగైదు కదలికల్లో ముద్ద అయిపోయింది. నా ముందు పెట్టిన తరవాత అన్నం ఒక్క వెంట్రుక వాసి కిందికి కుంగడం కళ్ళారా చూశాను, లోపల గాలి ఉండేట్టు అంత వదులుగా చుట్టాడు. చేత్తో తినవచ్చని మేనల్లుడు చెప్పగానే ప్రాణం లేచి వచ్చింది. అన్నం గోరువెచ్చగా ఉంది, చేప చల్లగా ఉంది. సోయా రసం ఆయనే కుంచెతో రాసి ఇస్తాడు కనుక ముంచుకోవలసిన పని లేదు.

ఒకే వైపున రెండు కళ్ళుండే హిరామెతో మొదలై పన్నెండు ముక్కలు వచ్చాయి. అన్నిటిలోకీ నాకు నచ్చింది కొహాద. మన కవ్వల జాతికి దగ్గరి చిన్న చేప, వెండి రంగు తోలుతో, ఉప్పు పట్టించి వెనిగర్‌లో నానబెట్టినది. ఖరీదైన కొవ్వు ట్యూనా నోట్లో కరిగిపోయింది, అంతకు మించి దాని గురించి చెప్పడానికి నాకేమీ లేదు. ఈ ట్యూనా ఈ ఉదయం వచ్చిందా అని అడిగించాను. ఆయన నవ్వి, కొన్ని రోజులు నిలవబెట్టానన్నాడు, అప్పుడే రుచి ఊరుతుందట. నా శుక్రవారం పట్టుదల విని మేనల్లుడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

వెనిగర్ అన్నం నోట్లో పెట్టుకున్నప్పుడు నాకు తరవాణి గుర్తుకు వచ్చింది. అది నా భ్రమ కాదు. తొలినాళ్ళలో సుషీ అంటే ఉప్పు చేపను అన్నంలో నెలల తరబడి పులియబెట్టడమే. పులిసిన అన్నాన్ని పారేసి చేపను తినేవారు. బివా సరస్సు ప్రాంతంలో ఫునాజుషి పేరుతో ఇప్పటికీ ఆ పద్ధతి ఉంది. పులియడానికి అంతకాలం ఆగలేక ఆ పులుపును వెనిగర్‌తో తెచ్చుకున్నారు. ఇప్పుడు మనం చూసే చేతి సుషీకి 1820లలో ఎదోలో, అంటే నేటి టోక్యోలో, హనాయ యోహెయ్ అనే ఆయన రూపమిచ్చాడంటారు. అది అప్పట్లో బండి మీద నిలబడి తినే చిరుతిండి. మా ఏడు రోడ్ల కూడలి టిఫిను బండ్ల తిండికి ఇంకో రెండు వందల ఏళ్ళకు ఎంత ధర పలుకుతుందో చెప్పలేం.

పులుసులో ఉడికిన అనాగో అనే సముద్రపు పాముచేప, ఆ తరవాత గుడ్డు అట్టు ముక్క, చివరగా వేడి టీ. గంటన్నరలో అయిపోయింది. మనిషికి పద్దెనిమిది వేల యెన్‌లు, దాదాపు పదివేల రూపాయలు. అక్కడ టిప్పు ఇవ్వరు. ఆయన లిఫ్టు దాకా వచ్చి, తలుపులు మూసుకునేవరకు తల వంచే నిలబడ్డాడు.

ఊరికి వచ్చిన వారానికి తట్ట దిగింది. ఇప్పుడు తెచ్చేది ఆ అప్ప కోడలు. ఎంతయిందని అడిగితే ఉన్నది చెప్పాను. చాలాసేపు నా మొహం చూసి, "ముళ్ళు తీసి ఇత్తారేటి బాబూ?" అంది.

"తీసే ఇస్తారు."

"అదే మరి," అని కవ్వలు తూచడం మొదలుపెట్టింది.