చదవలేని కాయితం మీద సంతకం పెట్టి పడ్డ పాట్లు

నిన్న సాయంత్రమే మేస్త్రీలు సామాన్లు సర్దుకుని పోయారు, ఇల్లంతా సిమెంటు దుమ్ము, అయినా ప్రాణం హాయిగా ఉంది, ఆ ఊపులోనే రాసేస్తున్నా.

బరంపురంలో ఫ్లాటు కొని మూడేళ్లు. లోను, రిజిస్ట్రేషను చకచకా అయిపోయాయి. రెండో ఏడు బెడ్రూం గోడ అప్పడంలా పొంగింది, వేలు పెడితే లోపల తడి ఇసుక. బీరువా జరిపితే మా ఆవిడ పెళ్లినాటి బరంపురం పట్టుచీరకి బూజు. వాన వల్లేమో అనుకున్నాం, తీరా చూస్తే గోడకవతల బాత్రూం టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగే లేదు.

బిల్డర్ ఆఫీసుకెళ్తే మేనేజరు ఒక కాయితం తీసి నా ముందు పెట్టి "మీ సంతకమే కదా, చదవండి" అన్నాడు. ఒడియాలో ఉంది. ఇరవై రెండేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను, ఒడియా గడగడా మాట్లాడతాను, చదవడం మాత్రం రాదు, ఆ సంగతి వాడికీ తెలుసు. కొత్తగా ఫ్లాట్లు చూడ్డానికొచ్చిన నలుగురు సోఫాలో కూర్చుని నన్నే చూస్తున్నారు. చివరికి ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి లాక్కుని చదివింది, "ఘరటి భల అబస్థారే పాఇలి" అంటే ఇల్లు బాగున్న స్థితిలో అందింది అని. తాళాలు ఇచ్చిన రోజు స్వీటు నోట్లో పెట్టి సంతకం పెట్టించుకున్నది అదీ! పిల్ల ముందు తల కొట్టేసినట్టయింది.

లాయరు గారు మాత్రం నవ్వేశారు. కంటికి కనపడని లోపానికి ఆ కాయితం అడ్డు కాదండీ, 2016 రెరా (రియల్ ఎస్టేటు నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం ఇల్లు అప్పజెప్పిన 5 ఏళ్లలోపు కట్టుబడిలో లోపం చూపిస్తే బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలి, లేదంటే నష్టపరిహారం అన్నారు. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, పలకలేదు. భువనేశ్వర్‌లోని రెరా ఆఫీసులో కంప్లైంటు పడ్డాకే అదే మేనేజరు "సార్, సార్" అంటూ ఫోను.

గోడకి రంగు వేసేసే ముందు ఫొటోలు తీసుకోండి. వాట్సాప్‌లో తిట్టుకుంటూ కూర్చోకండి, నేను ఎనిమిది నెలలు అలాగే పాడుచేసుకున్నా. పాత ఇల్లు బిల్డరు కాని వేరేవాళ్ల దగ్గర కొన్నవాళ్లకి, అమ్మినవాడి మీద ఈ 14(3) పనికిరాదు, అతను తెలిసీ దాచాడని 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 మీద పోరాడాలి, అది ఇంకో తలనొప్పి.

టైల్స్ పాత రంగువి దొరకలేదట, ఆరు వేరే రంగువి వేశారు. మా ఆవిడ స్నానానికెళ్లినప్పుడల్లా లోపలి నుంచి ఆ మేనేజరుకి తిట్లు వినిపిస్తున్నాయి.